గొంతు ఎరిగిన చుట్టాలు

విశాఖపట్నం నేను చాలాసార్లు చూశాను. పెళ్ళిళ్ళకు వెళ్ళాను. పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళాను. ఒకసారి సాహిత్య సభలో ఉపన్యసించడానికి వెళ్ళి, నా వంతు వచ్చేసరికి హాలులో మిగిలిన పదకొండుమందికీ నా ఉపన్యాసం వినిపించి వచ్చాను. కాని 2023 జూలైలో చేసిన ప్రయాణం వీటిలో దేనికీ చెందదు. సముద్రం చూడాలని కాదు, సింహాద్రి అప్పన్న దర్శనానికీ కాదు. ఏడాదిన్నరగా గొంతులు తప్ప ముఖాలు తెలియని రెండు కుటుంబాలవారిని కళ్ళారా చూడడానికి బయలుదేరాము.

ఆ పరిచయం యెలా కలిగిందో ముందు మనవి చెయ్యాలి. మా అమ్మాయి డాక్టరు చదువుతానని పట్టు పట్టింది. నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి. మా యింట్లో సంధులకూ సమాసాలకూ లోటు లేదుగాని, భౌతికశాస్త్రంలో సందేహం వస్తే తీర్చే నాథుడు లేడు. దాని స్నేహితురాలొకతె పాలకొండలోని తన పినతల్లి యింటి పక్క పిల్ల ఫోన్ నెంబరు యిచ్చింది. "దానికి ఫిజిక్సు నీళ్ళప్రాయం, అడుగు" అన్నదట. అలా మొదలైంది. రాత్రి తొమ్మిది కొట్టగానే ఫోన్ మోగేది. కొన్నాళ్ళకు నర్సీపట్నం నుంచి మూడో అమ్మాయి చేరింది. ఒకతె లెఖ్ఖ చదువుతుంది, రెండోది చేస్తుంది, మూడోది తప్పు పడుతుంది. మధ్య మధ్య నవ్వులు. పరీక్షకు చదువుతున్నారో, పేరంటం చేస్తున్నారో తెలిసేది కాదు.

పిల్లల వెనుక పెద్దలమూ ఫోనులోకి దిగాము. పాలకొండ అమ్మాయి తండ్రి గొంతు గంభీరంగా వుండేది. ప్రతి నిబంధనా ఆయన నాలుక మీద వుండేది. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయని, మిగిలినవాటికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా యెక్కడ చదివారో ధ్రువపత్రాలు కావాలని, ఆ పత్రం మీద తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా వున్నా ముందే దిద్దించుకోవాలని ఆయన చెప్పగా విన్నవాడినే నేను. తాను "ప్రజా రవాణా శాఖలో" పని చేస్తున్నానన్నారు. యెవరో పెద్ద అధికారి అయివుంటారని మా ఆవిడా నేనూ తీర్మానించుకున్నాము. నర్సీపట్నం అమ్మాయి తల్లి గొంతు మరీ కఠినం. ప్రధానోపాధ్యాయిని అయివుంటుందన్నాను నేను. వెనుక యెప్పుడూ గడగడమని శబ్దం వినిపించేది. వాళ్ళ యిల్లు పిండిమర పక్కన వుండివుంటుందన్నది మా ఆవిడ.

మే 7న పరీక్ష అయింది. దేశం మొత్తం మీద 20 లక్షల పైచిలుకు పిల్లలు రాశారు. 200 ప్రశ్నలలో 180కి జవాబులు, 720 మార్కులు. జూన్ నెలలో ఫలితాలు వచ్చాయి. ఆ మర్నాటి నుంచి మా ముగ్గురి యిళ్ళ మధ్యా ఫోన్లు కొంచెం పలచబడ్డాయి. రాంకులు రాకముందు అందరి పిల్లలూ మన పిల్లలే. వచ్చిన తరువాత యెవరి పిల్ల వారిది. మా ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "మన రాంకు అంకెతో సహా చెప్పకండి. వాళ్ళదీ మనదీ ఒకే ప్రాంతం, ఒకే తరగతి. రేపు ఒకే సీటు దగ్గర పోటీ పడవచ్చు" అన్నది. నేను ఒప్పుకున్నాను. పాలకొండ ఆయన తన కూతురి రాంకు చివరి అంకె దాకా చెప్పాడు. నేను మాత్రం "పరవాలేదండీ, అంచులో వుంది" అని వూరుకున్నాను. ఆ మాట అన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదని కూడా రాసుకోవాలి.

కాలేజీల కోరికల జాబితా పెట్టకముందు ఒకసారి కాలేజీ అంటే యేమిటో చూసి వద్దామని పిల్లలే యేర్పాటు చేసుకున్నారు. అందరికీ అందుబాటులో వున్నది విశాఖ. సరేనన్నాము.

తణుకు నుంచి నిడదవోలు చేరి తెల్లవారుజామున రైలెక్కాము. కొవ్వూరు దాటి గోదావరి మీదికి వచ్చేసరికి వెలుతురు వచ్చింది. నదికి యింకా యెర్రనీరు రాలేదు. యిసుక మేటలు ఆరేసిన పంచెల్లా పరుచుకొని వున్నాయి. పక్కనే 1900 నాటి హేవలాక్ వంతెన నిలబడి వుంది. 1997 నుంచి దాని మీద రైళ్ళు నడవడం లేదు. మా ఆవిడ రూపాయి బిళ్ళ నీళ్ళలో వేసి దణ్ణం పెట్టింది. యేమి కోరిందో నేను అడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు.

సామర్లకోటలో కాకినాడ దారి చీలుతుంది. "అక్కడ రంగరాయ మెడికల్ కాలేజీ వున్నది, 1958లో పెట్టారు" అన్నాను. మా అమ్మాయి కిటికీలోంచి ఆ పట్టాల వంక చూసింది. తుని దగ్గర కొండలు రైలుకు దగ్గరగా వచ్చాయి. అనకాపల్లిలో బెల్లం వాసన తగులుతుందేమోనని ముక్కు సారించాను. తగల్లేదు గాని, ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఆ వూరి బెల్లం మార్కెట్టు గురించి దువ్వాడ దాకా చెప్పాడు.

కలుసుకునే చోటు కలెక్టరాఫీసు దగ్గర అనుకున్నాము. మేము ఆటో దిగి, యెవరైనా పెద్దమనిషి కారు దిగుతాడేమోనని రోడ్డు వంక చూస్తున్నాము. యింతలో చెట్టు కింద నిలబడివున్న ఖాకీ చొక్కా ఆయన మా వైపు నడిచి వచ్చి, "వచ్చీసినారా మాస్టారూ?" అన్నాడు. గొంతు అదే! కొలువు దిగి నేరుగా వచ్చాడు. ఆయన ఆర్టీసీ కండక్టరు. 2020 జనవరి నుంచి ఆర్టీసీ ఉద్యోగులంతా ప్రజా రవాణా శాఖలోవారే గనుక ఆయన చెప్పిన దానిలో అబద్ధం అక్షరం లేదు. మేమే దానికి కుర్చీ, బల్ల, గుమాస్తా తగిలించుకున్నాము.

"తమరు లావుగా, కండువా యేసుకొని వుంటారనుకున్నాను" అన్నాడాయన నన్ను యెగాదిగా చూసి. ఆయన వూహా కూలింది, మా వూహా కూలింది. లెఖ్ఖ సరిపోయింది.

నర్సీపట్నం వారు పావుగంట తరువాత వచ్చారు. ఆ కఠిన కంఠం గల తల్లి మా ఆవిడ భుజం దాకా కూడా రాదు. బక్కపలచని మనిషి. యింట్లో బట్టలు కుట్టి పిల్లను చదివిస్తున్నది. మేము పిండిమర అనుకున్నది కుట్టుమిషను. మిషను చప్పుడు మించి మాట్లాడీ మాట్లాడీ గొంతు అలా గట్టిపడిందట. మా ఆవిడ "వదినగారూ" అని చెయ్యి పట్టుకున్నది. పెద్దలకు కలవడం సులువైంది.

చిక్కంతా పిల్లలతోనే వచ్చింది. ఏడాదిన్నర పాటు రాత్రిళ్ళు మాటలతో యిల్లు యెగరగొట్టిన ముగ్గురూ యెదురెదురుగా నిలబడి చెప్పుల వంక చూసుకుంటున్నారు. ఒకరు "బాగున్నావా" అంటే, ఒకరు "ఆఁ" అన్నారు. అయిదు నిమిషాలు గడిచాయి. చివరకు మా అమ్మాయి నాలుగడుగులు వెనక్కి నడిచి, అటు తిరిగి ఫోన్ చేసింది. పాలకొండ అమ్మాయి చేతిలో ఫోన్ మోగింది. ఆ పిల్ల కూడా యిటు తిరిగి "హలో" అన్నది. అంతే, నవ్వులు మొదలయ్యాయి. ఆ తరువాత సాయంత్రం దాకా ఆగలేదు.

ఆంధ్ర మెడికల్ కాలేజీ యిప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వున్న వైద్య కళాశాలలన్నిటిలోకీ పాతది. 1923లో వైజాగపట్నం మెడికల్ కాలేజీ అనే పేరుతో మొదలైంది. దానికి అనుబంధంగా వున్న కింగ్ జార్జి ఆస్పత్రిని అదే సంవత్సరం జూలైలో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా వున్న పానగల్లు రాజా ప్రారంభించారు. అంటే మేము వెళ్ళిన నెలకు సరిగా నూరేళ్ళు. గుంటూరు కాలేజీ 1946లో, కర్నూలు కాలేజీ 1956లో వచ్చాయి. అంతకు ముందు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెలుగు కోస్తా పిల్లలకు డాక్టరు చదువంటే వున్న వూళ్ళోనే వున్నది విశాఖ, లేకపోతే మద్రాసు వెళ్ళాలి. యిప్పుడక్కడ యేటా 250 సీట్లు. పాత కట్టడాల ముందు, కొత్త మేడల ముందు తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు మెట్ల మీద కూర్చొని టీ తాగుతున్నారు. మా ముగ్గురూ వాళ్ళ వంక గుడిలో దేవుణ్ణి చూసినట్టు చూశారు. ఒక విద్యార్థి గమనించి, "ఇది కష్టమే గాని, మీరు పడివచ్చిన కష్టమంత కాదు" అని ధైర్యం చెప్పాడు.

ఆస్పత్రి కొండవాలు మీద వున్నది. దాని ముందు కాసేపు నిలబడితే ఉత్తరాంధ్ర అంతా కనబడుతుంది. శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు చెట్ల కింద గుడ్డలు పరుచుకొని, కారియర్లు దగ్గర పెట్టుకొని కూర్చున్నారు. తెలుగు, ఒడియా, కొండ భాషలు కలిసి వినబడుతున్నాయి. చేతిలో చీటీతో ఒక ముసలాయన మా పిల్లల దగ్గరకు వచ్చి, "ఈటి సూడండమ్మా, ఏటి రాసినారో" అన్నాడు. ముగ్గురూ తలలు కలిపి చూశారు. తిప్పి చూశారు. 180 ప్రశ్నలకు జవాబులు రాసిన ముగ్గురికి డాక్టరుగారి దస్తూరీలో ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను తాళపత్రాలు చదివిన ధైర్యంతో ముందుకు వచ్చి, నేనూ ఓడిపోయాను. చివరకు నర్సీపట్నం అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకొని కింద మందుల దుకాణాల వరుసలోకి తీసుకుపోయి, చదివించి, మందులు యిప్పించి, పొద్దుటివేవో రాత్రివేవో రెండు పొట్లాలుగా కట్టించి వచ్చింది. వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అమ్మాయికి వచ్చిన మార్కులు సీటుకు చాలవని మా అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సముద్రం ఒడ్డుకు చేరాము. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనుక 1933లో తెరిచిన రేవు, యిటు 2002లో ప్రదర్శనశాలగా మార్చిన కుర్సురా జలాంతర్గామి. యివన్నీ పిల్లలకు చూపించబోయాను. వాళ్ళు అలల్లో కాళ్ళు తడుపుకుంటున్నారు. మురీ మిక్స్చర్ పొట్లాలు కొనుక్కొని పెద్దలము యిసుకలో కూర్చున్నాము. నర్సీపట్నం తల్లి కూతురి వంక చూస్తూ మాట్లాడకుండా కూర్చున్నది. ఆమెకు ధైర్యం చెప్పాలని, మా పక్క భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ యెత్తుకున్నాను. మద్రాసులో వైద్యం చదివితే ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా యిచ్చారనీ, అయినా అమెరికాలో ప్రపంచం మెచ్చే మందులు కనిపెట్టాడనీ చెప్పబోయాను. కండక్టరుగారు నా మోకాలు తట్టి మెల్లగా, "మాస్టారూ, కత మంచిదే. రేపు సెప్పుదురుగాని. ఈ రోజు ఆయమ్మని మిక్స్చర్ తిననీయండి" అన్నాడు. ఇరవై యేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. యెప్పుడు చెప్పకూడదో నాకు యెవరూ చెప్పలేదు.

తరువాత ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. కిందటి యేడు యే కాలేజీలో చివరి సీటు యే రాంకుకు వచ్చిందో చిన్న చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. "తమరి జాబితా సూపించండి. రాంకు దాచుకుంటే దాచుకోండి, జాబితా మటుకు సూపించండి" అన్నాడు.

నా ముఖాన నెత్తురు చుక్క లేదు. దాచానని ఆయనకు మొదటి నుంచీ తెలుసు! జాబితా యిచ్చాను. అందులో మొదట యేలూరు రాశాను. మా జిల్లాకు దగ్గర. ఆ యేడే విజయనగరం, రాజమండ్రి, యేలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కాలేజీకి 150 సీట్లతో అయిదు కొత్త ప్రభుత్వ కాలేజీలు రాబోతున్నాయి. పెద్ద కాలేజీలు అడిగితే అవి రావు సరికదా, అందేది కూడా చేజారిపోతుందని నా భయం. విశాఖ, గుంటూరు, కాకినాడలను ఆఖరున మొక్కుబడిగా పెట్టాను.

ఆయన చూసి తల అడ్డంగా వూపాడు. "తప్పు మాస్టారూ. మిషను ముందు రాంకు సూస్తాది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితా పైనుంచి కిందకి సదువుకొస్తాది. ఖాళీ వున్న మొదటిది యిచ్చీస్తాది. పెద్దది అడిగినారని సిన్నది తీసీదు. వచ్చీది కాదు రాయవలసింది, కావలసింది రాయాలి. మనసుకి నచ్చిన వరసలో పెట్టీయండి."

అప్పుడు నేను రాంకు చెప్పాను. అంకెతో సహా చెప్పాను. మా ఆవిడ నా వంక చూసిందిగాని అడ్డు చెప్పలేదు. ఆయన కాగితం వంక చూశాడు. మా అమ్మాయి రాంకు ఆయన కూతురి రాంకుకు కొద్దిగా ముందు వున్నది. కిందటి యేటి లెఖ్ఖ ప్రకారం కాకినాడలో ఆఖరి సీటు ఆ చుట్టుపక్కలనే ఆగింది. ఆయన తన కూతురికి పెట్టుకున్న ఆశ కూడా కాకినాడే. నేను యేలూరును మొదట వుంచితే ఆయన ముందు నుంచి ఒక మనిషి తప్పుకున్నట్టే. అది ఆయనకు ఒక్క క్షణంలో అర్థమైంది. మరో క్షణానికి నాకూ అర్థమైంది. అలలు రెండు మూడు వచ్చి వెళ్ళాయి.

ఆయన పెన్ను తీసి నా జాబితా మీద అంకెలు మార్చాడు. విశాఖ ఒకటి, గుంటూరు రెండు, కాకినాడ మూడు. యేలూరు కిందికి పోయింది.

"అన్నగారూ, మీ అమ్మాయి..." అన్నాను.

"ముందు యెక్కినోడిదే సీటని పాతికేళ్ళుగా బస్సులో నానే సెప్తున్నాను మాస్టారూ. మా గుంట దగ్గరికొచ్చీసరికి మాట మార్చీనా?" అన్నాడాయన. అని, పొట్లం అడుగున మిగిలిన మరమరాలు దులిపి కాకులకు వేశాడు.

ఆ సాయంత్రం ముగ్గురు పిల్లలూ యిసుకలో పక్కపక్కన నిలబడితే ఫోటో తీశాము. చీకటి పడుతుండగా ఎవరి వాహనం వారు యెక్కాము. తిరుగు ప్రయాణంలో మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. సామర్లకోట దాటిన తరువాత, "మనం ఆయన స్థానంలో వుంటే చెప్పివుండేవాళ్ళమా?" అన్నది. నేను కిటికీలోంచి చీకటిని చూశాను.

సీట్ల కేటాయింపు వచ్చింది. ముగ్గురూ కలిసి నడిచిన విశాఖ కాలేజీలో ముగ్గురిలో ఒక్కరికీ సీటు రాలేదు. మా అమ్మాయికి కాకినాడ వచ్చింది. పాలకొండ అమ్మాయికి కొత్తగా పెట్టిన విజయనగరం కాలేజీ వచ్చింది. సెప్టెంబరు 15న ఆ అయిదు కాలేజీలూ అక్కడి నుంచే ప్రారంభమయ్యాయి. నేను ఫోన్ చేసి యేమి చెప్పాలో తెలియక నీళ్ళు నములుతుంటే ఆయనే అందుకొని, "పాలకొండ నుంచి విశాఖ పోయే నా బస్సు యిజీనగరం మీదుగానే కదా మాస్టారూ. కాకినాడైతే యేడాదికి రెండుసార్లు సూద్దును. ఇప్పుడు వారానికి రెండుసార్లు కారియరు అందిస్తున్నాను" అన్నాడు. నన్ను తేలికపరచడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఆయన గొంతును బట్టి తెలియలేదు. గొంతును బట్టి మనిషిని కట్టే విద్య నాకు రాదని విశాఖలోనే తేలిపోయిందిగా!

నర్సీపట్నం అమ్మాయి మరుసటి యేడు మళ్ళీ రాసింది. మళ్ళీ అందలేదు. తల్లి మిషను మీద మరో యేడు చదివిస్తానన్నది. పిల్ల వద్దన్నది. విశాఖలోనే నర్సింగులో చేరింది. ఆ రోజు మేమంతా బయట నిలబడి చూసిన ఆస్పత్రి వాలు మీద, ముగ్గురిలోకీ యిప్పుడు రోజూ నడుస్తున్నది ఆ అమ్మాయి ఒక్కతే.

రాత్రి తొమ్మిదికి మా అమ్మాయి ఫోన్ యిప్పటికీ మోగుతుంది. సెలవులకు యింటికి వచ్చినప్పుడు వింటూ వుంటాను. మొన్న మా అమ్మాయి యేదో మందు పేరు అడుగుతుంటే అవతల నుంచి నర్సీపట్నం గొంతు నవ్వుతూ జవాబు చెప్పింది. ఫోన్ పెట్టేశాక మా అమ్మాయి నాతో అన్నది:

"నాన్నా, అది డాక్టర్ల చీటీలు యిప్పుడు గడగడా చదివేస్తుంది. మాకే యింకా రావడం లేదు."